చూపిన గది, ఇచ్చిన గది: ఆతిథ్య, పర్యాటక వ్యాపారాల్లో ఫోటో చేసే పని

బట్టల కొట్లో చీర బేరం తెగే ముందు ఇంటి పెద్దావిడ ఆ మడత పట్టుకుని గుమ్మం దాకా వెళ్లి, పగటి వెలుతురులో ఒకసారి చూసుకుని వస్తుంది. ట్యూబ్‌లైట్ కింద కనిపించిన రంగు ఇంటికి వెళ్లాక వేరుగా ఉంటుందని ఆమెకు అనుభవం మీద తెలుసు. కొట్టు యజమాని కూడా దాన్ని తప్పుపట్టడు. హోటల్ గదికి ఆ వెసులుబాటు లేదు. అరకులోని కాటేజీని హైదరాబాద్‌లో కూర్చున్న మనిషి గుమ్మం దగ్గరికి తెచ్చి చూసుకోలేడు. పాపికొండల పడవ ప్రయాణాన్ని కాస్త రుచి చూసి ఆ తరువాత టికెట్ కొనలేడు. డబ్బు ముందు కడతాడు, సరుకు తరువాత చూస్తాడు. ఆ మధ్య కాలంలో అతని చేతిలో ఉండేది చాలావరకు ఫోటోలే. అందువల్ల ఈ వ్యాపారంలో ఫోటోకు రెండు పనులు పడతాయి: అది అతిథిని రమ్మని పిలవాలి, వస్తే ఏం దొరుకుతుందో ముందుగా మాట కూడా ఇవ్వాలి. పిలుపు ఆకర్షణీయంగా ఉండాలని మెరుగులు దిద్దేకొద్దీ మాట తప్పే ప్రమాదం పెరుగుతుంది. ఉన్నదున్నట్టు చూపితే చాలని ఏదో ఒకటి క్లిక్‌మనిపిస్తే అసలు పిలుపే వినిపించదు. లెన్స్ ఎంపిక మొదలుకొని చట్టం దాకా ఈ రంగంలో ఎదురయ్యే చిక్కులన్నీ ఈ రెండు పనుల మధ్య పెనుగులాట నుంచి పుట్టినవే.

2009లో ఎయిర్‌బీఎన్‌బీ ఇంకా చిన్న సంస్థ. న్యూయార్క్‌లో తమ ద్వారా అద్దెకు ఇస్తున్న ఇళ్లకు గిరాకీ ఎందుకు లేదో తెలుసుకోవడానికి వ్యవస్థాపకులు బ్రయన్ చెస్కీ, జో గెబియా స్వయంగా అక్కడికి వెళ్లి, మంచి కెమెరా అద్దెకు తీసుకుని, ఇల్లిల్లూ తిరిగి ఫోటోలు తీశారు. కొద్ది రోజుల్లోనే వారానికి వచ్చే ఆదాయం రెట్టింపయిందని గెబియా తరువాత చెప్పారు. ఈ కథను చాలామంది ‘ఖరీదైన కెమెరా ఉంటే వ్యాపారం పెరుగుతుంది’ అన్నట్టు చెబుతుంటారు. నా అభిప్రాయంలో అందులోని అసలు విషయం వేరు. అంతకుముందు ఇంటివారు ఫోన్లతో తీసి పెట్టిన మసక ఫోటోల్లో గది ఎంత ఉందో, కిటికీ ఎటు ఉందో, మంచం ఎలా ఉందో చూసేవారికి తెలియలేదు. ఇళ్లు అవే; వాటి గురించి తెలిసే సంగతి పెరిగింది. అందం కంటే ముందు స్పష్టత అమ్ముడుపోయింది.

ఫోటోలు చూసే అతిథి తన అనుమానాలకు సమాధానాలు వెతుకుతాడు. మన కుటుంబాల ప్రయాణాలనే తీసుకుంటే, తాతయ్య, నానమ్మలతో కలిసి ఆరుగురు బయలుదేరినప్పుడు గది ఎంపిక చేసే వారి మనసులో తిరిగే ప్రశ్నలు చాలా నిర్దిష్టంగా ఉంటాయి: గదికి మెట్లెక్కాలా, బాత్‌రూంలో వెస్టర్న్ కమోడ్ ఉందా, గీజర్ ఉందా, మంచం పక్కన పిల్లలకు అదనపు పరుపు వేసే చోటుందా, కారు ఆవరణ లోపలికి వస్తుందా, డ్రైవర్ పడుకోవడానికి ఏర్పాటుందా. రిసార్టు పేజీలో ఇరవై ఫోటోలుంటే అందులో సగం తోటవి, మూడు నాలుగు లాబీలోని పూలకుండీవి, రెండు దగ్గరగా తీసిన కాఫీ కప్పువి ఉంటాయి. బాత్‌రూం ఫోటో ఒక్కటీ ఉండదు. లేని ఫోటో కూడా చూసేవారికి ఒక మాట చెబుతుంది. బాత్‌రూం చూపలేదంటే అది చూపదగినట్టు లేదనే అనుకుంటారు. తుడిచి ఆరబెట్టిన నేల, నిటారుగా వేలాడుతున్న తువ్వాలు, గోడ మీద గీజర్ కనిపించేలా తీసిన ఒక సాదా ఫోటో, సూర్యాస్తమయాన్ని పది కోణాల్లో చూపిన ఫోటోల కంటే ఎక్కువ మందిని బుకింగ్ దాకా తీసుకెళ్లగలదని నా నమ్మకం.

ఈ ఫోటోలు ఎంత పరిమాణంలో కనబడతాయో కూడా తీసేవారు తలచుకోవాలి. బుకింగ్ యాప్ జాబితాలో మొదటి ఫోటో ఫోన్ తెర మీద అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దదిగా మాత్రమే కనిపిస్తుంది. డ్రోన్‌తో పైనుంచి తీసిన ఫోటో పెద్ద తెర మీద గొప్పగా ఉన్నా, అగ్గిపెట్టెలో అది పచ్చని మరకలా మిగులుతుంది. అదే చోట తెల్లని పరుపు, వెనుక తెరిచిన కిటికీ, కిటికీలో కొండ కనబడితే, వేలు ఒక్క క్షణం ఆగుతుంది.

ఇక లెన్స్ సంగతి. ఇప్పుడు చాలా ఫోన్లలో ‘0.5’ అని కనిపించే అతి వెడల్పు లెన్స్ ఉంటుంది; పాత ఫిల్మ్ కెమెరా లెక్కలో చెబితే అది సుమారు 13 మిల్లీమీటర్ల లెన్స్ (ఈ అంకె తగ్గేకొద్దీ ఫోటోలో పట్టే వెడల్పు పెరుగుతుంది). ఇరుకు గదిలో మూలకు నిలబడి దానితో తీస్తే నాలుగు గోడల్లో మూడు ఒకేసారి పడతాయి, యజమానికి సంతోషం కలుగుతుంది. అయితే ఆ లెన్స్ స్వభావం ఏమిటంటే, దగ్గరి వస్తువును పెద్దది చేసి, దూరపు వస్తువును ఇంకా దూరం నెడుతుంది. పదడుగుల గది పదహారడుగుల హాలులా కనిపిస్తుంది; అంచుకు పడిన గుండ్రని పళ్లెం కోడిగుడ్డు ఆకారానికి సాగుతుంది. కొన్నేళ్ల కిందట మా కుటుంబం తూర్పు కనుమల అంచున ఉన్న ఒక రిసార్టును దాని ఈత కొలను ఫోటో చూసే ఎంచుకుంది. ఫోటోలో అవతలి గట్టు ఎక్కడో దూరాన కొబ్బరి చెట్ల నీడలో ఉన్నట్టుంది. వెళ్లాక మా పన్నెండేళ్ల పాప నాలుగు బారలు వేసేసరికి ఎదుటి గోడ చేతికి తగిలింది. గది శుభ్రంగా ఉంది, భోజనం బాగుంది, పనివారు ఎంతో మర్యాదగా చూసుకున్నారు. అయినా తిరుగు ప్రయాణంలో కారులో మేం మాట్లాడుకున్నది ఆ కొలను గురించే. అది చిన్న కొలను అని ముందే తెలిసి ఉంటే పిల్లలకు సరిపోతుందని సంతోషంగానే వెళ్లేవాళ్లం.

కాబట్టి గదిని ఫోన్‌తో తీసేటప్పుడు సాధ్యమైనంత వరకు ‘1’ అని ఉండే మామూలు లెన్స్‌నే వాడి, గుమ్మం అవతలికి ఒక అడుగు వెనక్కి జరిగి తీయడం మేలు. కెమెరాతో తీసేవారు 20 నుంచి 24 మిల్లీమీటర్ల మధ్య ఉంటే గది విశాలం గుర్తుపట్టేలా, నిజానికి దగ్గరగా ఉంటుంది. గది అంతకీ పట్టకపోతే రెండు ఫోటోలుగా చూపవచ్చు. ఒకే ఫోటోలో ఇరికించాలన్న నియమమేమీ లేదు. కెమెరాను కంటి ఎత్తు నుంచి కిందికి వంచకుండా, దాదాపు నాలుగడుగుల ఎత్తులో నిటారుగా పెడితే తలుపులు, గోడల అంచులు ఒరిగిపోకుండా నిలబడతాయి. తలుపు ఏటవాలుగా కనిపించే ఫోటో చూసినవారికి లోపం ఎక్కడుందో తెలియకపోయినా, ఆ చోటు ఎందుకో సరిగా లేదనిపిస్తుంది.

ఈ పనిలో అన్నిటికంటే కష్టమైనది వెలుతురు. మన కన్ను ఒకే చూపులో కిటికీ బయటి ఎండనూ, గది మూలలోని నీడనూ కలిపి గ్రహించగలదు. కెమెరా ఆ రెండింటిలో ఒకదాన్నే సరిగ్గా పట్టుకుంటుంది. గది బాగా కనిపించేలా తీస్తే కిటికీలోని సముద్రం తెల్లకాగితంలా వెలిసిపోతుంది, సముద్రం కనిపించేలా తీస్తే గది గుహలా మారుతుంది. స్టాండు మీద కెమెరాను కదలకుండా ఉంచి, వెలుతురు మోతాదు మారుస్తూ మూడు నుంచి ఐదు ఫోటోలు తీసి, ఆ తరువాత కలపడం వృత్తిదారులు పాటించే పద్ధతి. అంత సరంజామా లేనివారికి ప్రకృతే ఒక అవకాశం ఇస్తుంది: సూర్యుడు దిగిన తరువాత సుమారు ఇరవై నిమిషాల పాటు బయటి నీలి వెలుగూ, గదిలోని దీపాల వెలుగూ సమానమవుతాయి. ఆ కాసేపటిలో తీసిన ఫోటోలో రెండూ కనిపిస్తాయి. విశాఖ తీరంలో సముద్రం వైపు చూసే గదికైతే మధ్యాహ్నం తరువాతి వేళ అనుకూలం. అప్పటికి సూర్యుడు భవనం వెనుకకు వెళ్తాడు, ఎండ సముద్రం మీద ముఖాముఖి పడుతుంది, నీరు నిజంగా నీలంగా కనిపిస్తుంది.

చీర కొట్లో ఎదురయ్యే చిక్కే ఇక్కడా ఉంది. వెలుగు రంగును కెల్విన్లలో కొలుస్తారు; పసుపు బల్బు వెలుగు 2700 కెల్విన్ల దగ్గర, పగటి వెలుగు 5500 కెల్విన్ల దగ్గర ఉంటాయి. రెండూ ఒకే గదిలో కలిస్తే ఒక గోడ పసుపుగా, ఒక గోడ నీలంగా పడి, ఉతికిన దుప్పటి కూడా మాసినట్టు కనిపిస్తుంది. పగలు తీసేటప్పుడు తెరలు పూర్తిగా తొలగించి దీపాలన్నీ ఆర్పేయడం, లేదా గదిలోని బల్బులన్నీ ఒకే రంగువి పెట్టించడం దీనికి అతి చౌకైన పరిష్కారం. దుప్పటి తెలుపుకు మరో గండం ఉంది. కెమెరా తన ముందున్న దేన్నైనా మధ్యస్థమైన బూడిద రంగుకు లెక్కగట్టి వెలుతురు కొలుస్తుంది. దృశ్యంలో తెలుపు ఎక్కువగా ఉంటే వెలుతురు మించిపోయిందని భ్రమపడి తగ్గించేస్తుంది. అందుకే తెల్లటి దుప్పట్లున్న గదులు ఫోటోల్లో మబ్బు పట్టినట్టుంటాయి.

ఈ సంగతి గదిలో కంటే వంటింట్లో ఇంకా బాగా తెలుస్తుంది. ఇడ్లీ ప్లేటు ముందు కూర్చుని ఫోన్‌తో ఒక ఫోటో తీయండి: తెల్లటి ప్లేటులో తెల్లటి ఇడ్లీ, పక్కన తెల్లటి కొబ్బరి చట్నీ. ఫోటోలో ఇడ్లీ బూడిద రంగులో, నిన్నటిదిలా పడుతుంది. తెర మీద ఇడ్లీని తాకి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తును కొద్దిగా పైకి జరపండి. ఇడ్లీ తెల్లబడుతుంది, దాని మీది సన్నని రంధ్రాలు కనిపిస్తాయి. ప్లేటును ట్యూబ్‌లైట్ కింద నుంచి కిటికీ పక్కకు మార్చి, వెలుతురు ఒక పక్క నుంచి పడేలా పెడితే ఇడ్లీ ఉబ్బు తెలుస్తుంది. కారప్పొడి మీద పోసిన నెయ్యి మెరుస్తుంది. బిర్యానీకి పక్క వెలుతురు చాలదు, వెనుక నుంచి రావాలి. అప్పుడే దమ్ము మూత తీసినప్పుడు లేచే ఆవిరి ముదురు రంగు గోడ ముందు తెల్లగా కనిపిస్తుంది, అదీ ఒకటి రెండు నిమిషాలే. అందుకే అనుభవమున్నవారు ముందు ఖాళీ హండీతో వెలుతురు సరిచూసుకుని, చివరన బిర్యానీ తెప్పిస్తారు. ఊరి భోజనం పేరుతో పేరు తెచ్చుకోదలచిన హోమ్‌స్టేలు అరటాకులో వడ్డించిన పూర్తి విస్తరినే చూపడం మంచిదని నేననుకుంటాను. తినబోయేవారికి పులుసు, వేపుడు, పెరుగు, ఊరగాయ ఏమేం ఉన్నాయో ఒక్క చూపులో తెలుస్తుంది. దగ్గరగా తీసిన ఒక్క గరిటె పులుసు ఆ పని చేయలేదు.

ఇంతవరకు చెప్పుకున్నది గోడల లోపలి విషయం. పర్యాటక వ్యాపారం అమ్మేది చాలావరకు గోడల బయట ఉంటుంది. అక్కడ ఫోటోకు పెద్ద శత్రువు ఋతువు. అరకు లోయలో వలిసె పూలు శీతాకాలం మొదట్లో విరబూస్తాయి. ఆ వారాల్లో పొలాలన్నీ పసుపు పరచినట్టుంటాయి. ఏడాది పొడవునా అదే ఫోటోను ముఖచిత్రంగా పెట్టుకున్న కాటేజీకి మే నెల సెలవుల్లో పిల్లలతో వచ్చిన కుటుంబం దున్నిన ఎర్ర నేలను చూసి ఎవరిని అడగాలి? పాపికొండల మధ్య గోదావరి శీతాకాలంలో నిలకడగా, ఆకుపచ్చగా ఉంటుంది. వర్షాకాలంలో ఎర్రటి వరదనీరు పరుగెడుతుంది, పడవలే ఆగిపోతాయి. ములుగు జిల్లా బొగత జలపాతానికి అసలు అందం వానలతోనే వస్తుంది. పాడేరు దగ్గరి వంజంగి కొండ మీద మేఘాల సముద్రాన్ని చూపిన ఫోటోలు సామాజిక మాధ్యమాల్లో తిరిగిన తరువాతే ఆ కొండకు జనం పోటెత్తారు. ఆ మేఘాలు తెల్లవారుజామున, వాతావరణం అనుకూలించిన రోజునే కనిపిస్తాయని ఫోటో చెప్పదు. దీనికి మందు తేలిక: ఫోటో కింద నెల రాయడం. ‘నవంబరు చివరి వారం’ అని ఒక్క మాట రాస్తే అతిథి తన ప్రయాణాన్ని తానే సర్దుకుంటాడు. వేసవిలో కూడా ఆ చోట చూపదగినది ఏదో ఉంటుంది. మధ్యాహ్నం నీడలో కాఫీ తోట, దాని మధ్య చెట్లకు అల్లుకున్న మిరియాల తీగలు. వాటిని కూడా తీసిపెట్టుకున్న యజమానికి ఏడాదిలో రెండో సీజను దొరుకుతుంది.

ఎక్కడివో ఫోటోలను కొనుక్కుని పెట్టుకునే అలవాటు ఈ తప్పును ఇంకా పెంచుతుంది. సముద్రంలో సూర్యుడు అస్తమిస్తున్న ఫోటోను విశాఖ హోటల్ తన ప్రకటనలో పెడితే, తీరప్రాంతం వారెవరైనా అది పడమటి తీరం ఫోటో అని ఇట్టే గుర్తుపడతారు. మన తీరంలో సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు, కొండల వెనుకకు దిగుతాడు. కృత్రిమ మేధతో తయారుచేసిన చిత్రాలదీ అదే దారి: లేని కొలనును, లేని చెట్టును, లేని కొండను గది ముందు పెట్టడం ఇప్పుడు నిమిషాల పని. వంకర నిలువు గీతను సరిచేయడం, గోడ మీద వేలాడుతున్న తీగను చెరపడం ఒక ఎత్తు; అతిథి వచ్చి వెతుక్కునే వస్తువును చిత్రంలో పుట్టించడం మరొక ఎత్తు. మొదటిది ఇల్లు సర్దడం లాంటిది, రెండోది మోసం.

చూడటానికి అందంగా ఉండి, హాని కూడా చేయగల ఫోటోలున్నాయి. 2019 సెప్టెంబరు 15న దేవీపట్నం మండలం కచ్చులూరు దగ్గర వరద గోదావరిలో పర్యాటకుల పడవ మునిగి పదుల సంఖ్యలో ప్రాణాలు పోయాయి. అయినా పడవ ప్రయాణాల ప్రకటనల్లో లైఫ్ జాకెట్ లేకుండా పైడెక్కు రెయిలింగ్ మీద కూర్చున్న యువతీ యువకులు ఇంకా కనిపిస్తుంటారు. జాకెట్ వేసుకుంటే ఫోటో బాగుండదని తీసేవారి వాదన. ప్రకటనలో చూసినట్టే ఎక్కిన తరువాత నడుచుకుంటారు కాబట్టి, నారింజ రంగు జాకెట్లతో నవ్వుతున్న కుటుంబం ఫోటో పడవ యజమాని చేయగలిగిన మంచి పనుల్లో ఒకటి. ఆ రంగు నీటి మీద ఎంత బాగా కనిపిస్తుందో తీసి చూసినవారికి తెలుస్తుంది కూడా. జలపాతం అంచున, కొండ కొమ్మున నిలబెట్టి తీసే ఫోటోలకూ ఇదే వర్తిస్తుంది.

మనుషులను చూపేటప్పుడు అనుమతి ముఖ్యం. అరకు గురించిన కరపత్రాల్లో చేయి చేయి పట్టుకుని ధింసా ఆడే ఆదివాసీ మహిళల ఫోటో లేకుండా ఉండటం అరుదు. ఆ మహిళలను అడిగారా, ఈ ఫోటో ఫలానా చోట వాడతామని వారి భాషలో చెప్పారా, ప్రతిఫలం ఇచ్చారా అన్న ప్రశ్నలకు సమాధానం లేని ఫోటో ఎంత బాగున్నా వాడకూడదని నేను గట్టిగా నమ్ముతాను. తమ దగ్గర దిగిన అతిథుల పిల్లలు కొలనులో ఆడుతుండగా తీసి ప్రచారానికి పెట్టుకునే అలవాటు కూడా మానుకోవలసిందే. ఆ కుటుంబం గది కొనుక్కుంది, బొమ్మ అమ్ముకోలేదు.

చట్టం గురించి యజమానులు తెలుసుకోవలసినవి కొద్దే అయినా గట్టివి. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం సేవను తప్పుగా వర్ణించడం, ముఖ్యమైన సంగతిని ఉద్దేశపూర్వకంగా దాచడం తప్పుదోవ పట్టించే ప్రకటన కిందికి వస్తాయి. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మొదటిసారి రూ.10 లక్షల వరకు, మళ్లీ చేస్తే రూ.50 లక్షల వరకు జరిమానా వేయగలదు. ఫోటో కూడా వర్ణనే. 1957 నాటి కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం డబ్బిచ్చి తీయించుకున్న ఫోటోకు, వేరే ఒప్పందం లేకపోతే, తీయించుకున్నవారే మొదటి యజమాని. వేరే ఒప్పందం ఉందో లేదో కాగితం మీద చూసుకున్నాకే పని మొదలుపెట్టాలి. అతిథి తన ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టుకున్న ఫోటో మాత్రం అతిథిదే. అందులో మన హోటల్ ఉన్నంత మాత్రాన తీసుకుని వాడుకునే హక్కు రాదు. అడిగితే చాలామంది సంతోషంగా ఇస్తారు. పురావస్తు శాఖ కట్టడాల దగ్గర వ్యాపార చిత్రీకరణకు, డ్రోన్ ఎగరేయడానికి ముందస్తు అనుమతులు కావాలి. తిరుమల ఆలయం లోపల అసలు ఫోటోలే నిషిద్ధం.

అతిథులు తీసిన ఫోటోల మాట వచ్చింది కాబట్టి ఒక విషయం చెప్పాలి. ఇప్పుడు గది వెతికేవారు యజమాని పెట్టిన ఫోటోలను ఒకసారి తిరగేసి, వెంటనే సమీక్షల కింద అతిథులు పెట్టిన వాటికి దిగిపోతారు. వాటిలో పక్క చెదిరి ఉంటుంది, తడి తువ్వాలు కుర్చీ మీద ఉంటుంది, వెలుతురు సరిగా ఉండదు. అయినా నమ్మేది వాటినే. యజమాని ఫోటోలకూ వాటికీ మధ్య ఎంత తేడా కనిపిస్తే అంత అనుమానం. ఆ రెండు వరుసలూ ఒకే గదిని చూపుతున్నాయని వెంటనే గుర్తుపట్టగలిగితే, యజమాని ఫోటోల్లోని మంచి వెలుతురు మోసంగా కాక శ్రద్ధగా అర్థమవుతుంది. పరుపులు మార్చినప్పుడు, గోడలకు రంగు వేసినప్పుడు, చెట్టు పడిపోయినప్పుడు ఫోటోలు మార్చకపోతే ఈ తేడా దానంతటదే పెరుగుతుంది. గూగుల్ వ్యాపార పేజీకి 720 × 720 పిక్సెళ్లున్న, 5 ఎంబీ దాటని ఫోటో సరిపోతుంది కాబట్టి, ఈ మార్పులకు ప్రతిసారీ వృత్తిదారును పిలవనవసరం లేదు. ఉదయం పది గంటలకు కిటికీ తెర తీసి ఫోన్‌తో తీసినా చాలు.

ఖర్చులేని, దాదాపు ఎవరూ పెట్టని ఫోటో ఇంకొకటి ఉంది. ఏజెన్సీ ఊళ్లలో, కోనసీమ కాలువ గట్ల మీద, ఊరికి దూరంగా ఉన్న చాలా హోమ్‌స్టేలకు చివరి రెండు కిలోమీటర్లలో మ్యాప్ తప్పు చెబుతుంది, ఫోన్ సిగ్నల్ ఉండదు. పెద్దరోడ్డు మీద నుంచి మలుపు తిరిగే చోటు, ఆ మలుపులోని రావిచెట్టు, దాటాల్సిన చిన్న వంతెన, చివరన గేటు మీది బోర్డు, వీటిని పగలొకసారి, రాత్రి కారు లైట్ల వెలుగులో ఒకసారి తీసి, వరుసగా బుకింగ్ పేజీలో పెట్టి, బయలుదేరే రోజు ఉదయం అతిథికి వాట్సాప్‌లో కూడా పంపవచ్చు. రాత్రి పదకొండింటికి, వెనుక సీట్లో పిల్లలు నిద్రపోతుండగా, హెడ్‌లైట్ల వెలుగులో ఆ రావిచెట్టును గుర్తుపట్టి బండిని కుడివైపు తిప్పిన మనిషికి, తలుపు తీసి చూడకముందే ఆ ఇంటి మీద నమ్మకం కుదురుతుంది.